మిషిగన్ పెరట్లో సైబీరియన్ ఐరిస్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఈ తేదీనే నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను అనేది సర్కారు వారు దయతలచి ఇచ్చే బహుమానం కాదని ఆ తీర్పు తేల్చింది. దాని గురించీ, కరువుభత్యం బకాయిల గురించీ నా కంటే ముందు మాట్లాడిన ముగ్గురు పెద్దలూ చెప్పవలసినదంతా చెప్పారు. నేను మళ్ళీ ఆ జోలికి పోతే భోజనాలు చల్లారిపోతాయి. కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం వేరు. "మీరు అబ్బాయిగారి దగ్గరకు వెళ్ళినప్పుడల్లా అక్కడ ఏదో పూల మొక్క పెంచుతారట గదా, దాని గురించి ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. పూల మొక్కకు ఇరవై నిమిషాలెందుకని మీకు అనిపించవచ్చు. ఈ హాల్లో పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో, ఇంగ్లండులోనో, జర్మనీలోనో ఉన్నవారు చేతులెత్తండి అంటే సగం చేతులు లేస్తాయి. వారి కోసం చెబుతున్నాను. మిగిలిన వారు మన్నించాలి, ఎందుకంటే ఈ మొక్క మన గుంటూరు జిల్లా ఎండల్లో బతకదు. ఆ సంగతి మీద మా ఇంట్లో జరిగిన గొడవ కూడా చెబుతాను. మా ఇంటావిడ ముందు వరుసలోనే కూర్చుని ఉంది, తప్పు చెబితే అక్కడినుంచే దిద్దుతుంది.

నేను 1976లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. మొక్కల గురించి నాకు వచ్చింది చిన్నప్పుడు దుగ్గిరాల దగ్గర మా తాతగారి పసుపు చేలో నేర్చుకున్నదే. ఆ చదువు అక్కడ పనికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

2012 మే నెలలో మొదటిసారి మేమిద్దరం మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాం. మిషిగన్ రాష్ట్రంలో లాన్సింగ్ పట్టణానికి దగ్గర. ఉదయం ఏడున్నరకల్లా కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవరాలు బడికి వెళ్ళిపోయేవారు. ఇక సాయంత్రం దాకా నేనూ, ఆవిడా, గోడ గడియారమూ. కారు నడపటం రాదు. నడిచి వెళ్ళే దూరంలో అంగడి లేదు. ముప్ఫై మూడేళ్ళు కౌంటరు దగ్గర జనాన్ని చూసిన వాడికి కిటికీలోంచి ఒక్క మనిషి కూడా కనపడడు. నెల తిరక్కుండానే టిక్కెట్టు ముందుకు మార్పించమని అబ్బాయిని అడిగాను. వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని ఏమీ అనలేదు. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది, బయటకు చెప్పుకోరు.

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం పెరట్లోకి వెళ్ళాను. అక్కడ ఇళ్ళకు ప్రహరీలుండవు. మన గడ్డీ పక్కవారి గడ్డీ కలిసే ఉంటాయి. పక్కవారి పెరటి చివర, వాననీరు పారే పల్లపు జాగాలో, నడుమెత్తు దుబ్బు ఒకటి ఉంది. ఆకులు మన కాలవ గట్ల మీది జమ్ములాగా సన్నగా, నిలువుగా. ఆకుల పైన ఊదా కలిసిన ముదురు నీలం పూలు, వందకు తక్కువ ఉండవు. గాలి వీస్తే అన్నీ ఒక్కసారి తలలూపేవి. నేను నిలబడి చూస్తుంటే ఇంటాయన బయటకు వచ్చారు. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి. ఏం చేసేవారని అడిగితే పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యానన్నారు. నేను ట్రెజరీ అన్నాను. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నాది ఆయనకు పావు వంతు. అయినా ఇంక్రిమెంట్ల దగ్గర, పై ఆఫీసరు దగ్గర ఇద్దరికీ అనువాదం అవసరం లేకపోయింది. ఆ పూవు పేరు సీజర్స్ బ్రదర్ అనీ, తన తల్లి నాటినదనీ చెప్పారు. టిక్కెట్టు మార్పించే మాట మళ్ళీ నేను ఎత్తలేదు.

ఈ మొక్కకు తెలుగు పేరు లేదు. ఐరిస్ అనే జాతి పెద్దది. అందులో సైబీరియన్ ఐరిస్ ఒక శాఖ. సైబీరియా అని పేరేగాని అసలు పుట్టిల్లు మధ్య ఐరోపా నుంచి తూర్పుగా సాగే తడి పచ్చికబయళ్ళు. 1753లో లిన్నేయస్ పండితుడు దీనికి ఐరిస్ సిబిరికా అని పేరు పెట్టాడు. దీని దగ్గర చుట్టం ఐరిస్ సాంగ్వినియా అని ఉంది. అది తూర్పు సైబీరియా, మంచూరియా, కొరియా, జపాను దేశాలది, జపాను వారు అయమె అంటారు. ఈ రెండింటి కలయికతోనే తోటల్లో కనపడే రకాలు చాలావరకు పుట్టాయి. పూవుకు మూడు రేకులు కిందికి వాలి ఉంటాయి, మూడు పైకి నిలబడి ఉంటాయి. నీలం, ఊదా, తెలుపు ఎక్కువ, పసుపు తక్కువ.

ఈ కుటుంబంలో మరో కొమ్మ చైనా కొండల్లోనూ, మన హిమాలయాల్లోనూ ఉంది. డార్జిలింగు, సిక్కిం ఎగువన తడి నేలల్లో పెరిగే ఐరిస్ క్లార్కీ ఆ కొమ్మదే. ఆ క్లార్కు ఎవరో తెలిస్తే మీరు సంతోషిస్తారు. చార్లెస్ బ్యారన్ క్లార్కు అనే దొర బెంగాలులో బడుల ఇన్‌స్పెక్టరు. డ్యూటీ చేస్తూనే మొక్కలు సేకరించాడు. టి.ఎ. బిల్లులు ఎలా పెట్టుకున్నాడో గాని, పేరు మాత్రం పూవుకు మిగిలింది.

సరే, నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకుండా ఉంటారు. పక్కింటాయన్ని ఒక పిలక అడగడానికి మొహమాటపడ్డాను. మా అబ్బాయి ఒక పెద్ద దుకాణానికి తీసుకెళితే అక్కడ ప్లాస్టిక్ సంచుల్లో దుంపలు వేలాడదీసి ఉన్నాయి. మీద సీజర్స్ బ్రదర్ అనే పేరు, నీలం పూవు బొమ్మ. మూడు సంచులు తెచ్చాను. రెండింటిలో దుంపలు ఎండి పుల్లలైపోయాయి, మొలవనే లేదు. మూడోది చక్కగా మొలిచింది. ఆకు కాస్త వెడల్పుగా, మధ్య ఈనె తేలి, మన వస ఆకులా ఉంటే అనుమానం వచ్చింది. వచ్చినా, బొమ్మ చూసి సరిపెట్టుకున్నాను. అక్టోబరులో మేము వచ్చేశాం. మళ్ళీ 2014 మే నెలలో వెళ్ళాం. జూన్‌లో పూసింది. పసుపు పచ్చ!

పక్కింటాయన చూసి, ఇది ఐరిస్ సూడాకోరస్, పసుపు ఐరిస్ అన్నారు. ఆ లాటిను మాటకు అర్థం దొంగ వస అని తర్వాత తెలిసింది. నా అనుమానం నిజమే. అది ఐరోపా నుంచి వచ్చి అమెరికా వాగుల వెంట, చెరువుల వెంట పాకి అక్కడి మొక్కల్ని తొక్కేస్తోందని కొన్ని రాష్ట్రాల్లో నాటడమే నిషేధం. పల్లపు జాగాలో ఉంచవద్దు, వెంటనే తవ్వి తీసెయ్యి అన్నారాయన. తీసేశాను. దుంప విరిచి చూస్తే లోపల గులాబి రంగు. డబ్బు పోయింది సరే. అరవై దాటిన వాడికి రెండేళ్ళు పోవడం కష్టం. సైబీరియన్ ఐరిస్ నాటిన మొదటి ఏడాది వేళ్ళు దించుకుంటుంది, రెండో ఏడాది ఒకటో రెండో కాడలు చూపిస్తుంది, మూడో ఏడాదికి గాని నిండుగా పూయదు. నేను మళ్ళీ మొదటి ఏడాదికి వచ్చాను.

అందుకని మొక్క ఎక్కడ సంపాదించాలి అన్నదే మొదట చెబుతాను. సంచి మీది బొమ్మను నమ్మవద్దు. అన్నిటికంటే మంచిది, కళ్ళతో పూవు చూసిన దుబ్బులోంచి తెచ్చిన ముక్క. పక్కవాళ్ళని అడగండి. ఈ దుబ్బులు కొన్నేళ్ళకోసారి విడగొట్టవలసినవే గనుక ఇవ్వడం వారికి బరువు కాదు, ఒక్కోసారి మేలు కూడా. రెండోది, అక్కడ ఐరిస్ పెంచేవారి సంఘాలుంటాయి, మన సంఘంలాగానే చందాలూ, కార్యవర్గమూ, సమావేశాల్లో కాఫీ బిస్కట్లూ. వేసవి చివర సభ్యులు తమ తోటల్లోవి తవ్వి తెచ్చి అమ్ముతారు. ఆకులు జానెడుంచి కత్తిరించి, ఆ ఆకు మీదే పేరు రాసి పెడతారు. రాసినవాడు పక్కనే నిలబడి ఉంటాడు, సందేహముంటే అడగవచ్చు. మూడోది, ఐరిస్ ఒక్కటే పెంచి అమ్మే చిన్న తోటలవారు. వారు తవ్వి, తడిగా చుట్టి, నాటే అదను చూసి పార్సిలు పంపుతారు. కొత్త రకాలు ఖరీదు. పాత రకాలు చవక, పైగా గట్టివి. మొదటిసారి నాటేవారు పాతవాటితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

పేర్ల సంగతి గుమాస్తాగా నాకు ముచ్చట వేసింది. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ అనే సంస్థ ఐరిస్ రకాల పేర్లు రిజిస్టరు చేస్తుంది. ఒకసారి ఒక పూవుకు ఇచ్చిన పేరు మరొకదానికి ఇవ్వరు. ఎవరు పుట్టించారు, తల్లిదండ్రులెవరు, ఎత్తు ఎంత, రంగు ఏమిటి, ఏ ఏడు నమోదైంది, అన్నీ ఉంటాయి. మన సర్వీసు రిజిస్టరే! సీజర్స్ బ్రదర్ ఎంట్రీ 1932లో పడింది. కెనడాలో మాంట్రియల్ నగరవాసి క్లీవ్‌లాండ్ మోర్గన్ పుట్టించాడు. అదే కెనడాలో, ఒట్టావా సర్కారు వ్యవసాయ క్షేత్రంలో ఇసబెల్లా ప్రెస్టన్ అనే ఆవిడ 1920 నుంచి 1946లో రిటైరయ్యే దాకా పనిచేసి, తాను పుట్టించిన సైబీరియన్ ఐరిస్‌లకు కెనడా నదుల పేర్లు పెట్టింది. మనవాళ్ళే, ప్రభుత్వోద్యోగులు.

ఒక మెలిక ఉంది. పేరు దుబ్బులోంచి విడదీసిన పిలకకే చెల్లుతుంది. అదే మొక్క గింజ నాటితే వచ్చేది వేరే పూవు, దానికి తల్లి పేరు పెట్టకూడదు. గింజలు దుబ్బులోనే రాలి మొలిస్తే కొన్నేళ్ళకు ఏది అసలో ఏది పిల్లో తెలియకుండా పోతుంది. అందుకే పూలు వాడగానే కాయలు పండకముందే కాడలు కోసెయ్యాలి.

2014 ఆగస్టు చివర పక్కింటాయన తానే పిలిచి పార నా చేతికిచ్చారు. దుబ్బు అంచున తవ్వి ఒక ముక్క తీశాం. ఆ దుంపలు చూడగానే నాకు పసుపు కొమ్ములు గుర్తుకొచ్చాయి, కాకపోతే సన్నవి, ఒకదానిలో ఒకటి అల్లుకుని పార దిగనివ్వవు. పాత రొట్టె కత్తితో కోశాం. ఆయన ఒక అట్టముక్క మీద పెన్సిలుతో పూవు పేరు, 1932 అన్న ఏడు, కింద తన తల్లి పేరు, తన పేరు, ఆ నాటి తేదీ రాసి దారం కట్టి ఇచ్చారు. పోస్టాఫీసు చేతిరాత, గుండ్రంగా, అక్షరం అక్షరం విడిగా.

నాటే పద్ధతి చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. కనీసం మూడు నాలుగు పిలకలున్న ముక్క కావాలి. ఒంటి పిలక నాటితే అలిగి కూర్చుంటుంది. వేళ్ళు ఆరకూడదు, ఇది ప్రధానం. గడ్డపు ఐరిస్ అని మరో రకం ఉంది, దాని దుంపలు వారాల తరబడి పొడిగా ఉన్నా తట్టుకుంటాయి, ఇది తట్టుకోదు. తెచ్చిన రోజే నీళ్ళ బకెట్టులో ఉంచి రాత్రంతా నాననివ్వండి. దుకాణంలో నా రెండు సంచులు చచ్చింది ఇందుకే. ఆ గడ్డపు ఐరిస్ దుంప పైకి కనపడేలా నాటాలి, ఇది మాత్రం అంగుళం నుంచి రెండంగుళాల లోతున మట్టిలో ఉండాలి. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య రెండడుగుల పైనే వదలండి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి, నీడలో ఆకే గాని పూవుండదు. మట్టి కాస్త పులుపు వైపు ఉంటే ఇష్టం, సున్నం వేయకండి. బంకమట్టయినా పరవాలేదు, ఆకు ఎరువు బాగా కలపండి. మొదటి ఏడాది వారానికి అంగుళం వాన పడినంత తడి అందాలి. తర్వాతి ఏళ్ళల్లో వసంతంలో మొలక లేచినప్పటి నుంచి పూత అయ్యేదాకా తడి తప్పకూడదు. కాలవ గట్టున బాగుంటుంది గాని చలికాలమంతా నీళ్ళు నిలిచే గుంటలో కుళ్ళుతుంది.

నాటే అదను రెండుసార్లు. వసంతంలో మొలక వేలెడు లేచినప్పుడు ఒకటి. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, నేల గడ్డకట్టడానికి ఆరు వారాలు ముందుగా పూర్తికావాలి. మనలాంటి ఆరునెలల అతిథులకు రెండోదే అనుకూలం. మేలో దిగి జూన్‌లో పూలు చూసి, సెప్టెంబరులో నాటి, అక్టోబరులో విమానమెక్కవచ్చు. ఎక్కే ముందు కొత్తగా నాటిన వాటి మీద ఎండుటాకులు కప్పమని పిల్లలకు చెప్పండి. అక్కడ నేల గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి కొత్త దుంపల్ని పైకి ఎగదన్నుతుంది. పాత దుబ్బుల ఆకులు పండిపోయాక నేల దాకా కోసి ఎత్తిపారెయ్యాలి. ఐరిస్ దుంపను తొలిచే పురుగు ఒకటి ఉంది, దాని తల్లి పురుగు శరదృతువులో ఆ ఎండాకుల్లోనే గుడ్లు పెడుతుంది.

జింకల మాట మరిచాను. అక్కడ జింకలు మన ఊళ్ళో ఆవుల్లా వీధుల్లో తిరుగుతాయి. మా కోడలు ముచ్చటపడి పెట్టిన తులిప్పులూ చామంతులూ ఒక్క రాత్రిలో మేసేశాయి. ఐరిస్ జోలికి మాత్రం రాలేదు. దాని రుచి వాటికి పడదు. మనకూ పడదు. దుంప అల్లంలా ఉందని వంటింటి గట్టు మీద పెట్టకండి, తింటే కడుపులో వికారం, వాంతులు.

2016లో వెళ్ళినప్పుడు ఏడు కాడలు లేచాయి. 2018లో నలభై ఒకటి. ఒక నోటుపుస్తకంలో ఏడాదివారీగా గీతలు గీసి రాస్తున్నాను. ఆ ఏడాదే ఐరిస్ సంఘం వారి అమ్మకానికి పక్కింటాయనే కారులో తీసుకెళ్ళారు. వైట్ స్వర్ల్ అనే తెలుపు, బటర్ అండ్ షుగర్ అనే పసుపు తెలుపు కలిసినది తెచ్చాను. వైట్ స్వర్ల్ 1957లో నమోదైనది. అంతవరకు రేకులు కిందికి వాలేవి, దీని రేకులు పళ్ళెంలా విచ్చుకుంటాయి. తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి ఇదే ముత్తాత.

ఆ పసుపు తెలుపు పూవు పుట్టించిన ఆయన గురించి కాసేపు చెప్పాలి. క్యూరియర్ మెక్‌యూయెన్, 1902లో పుట్టాడు. కీళ్ళవాతం డాక్టరు. న్యూయార్క్ యూనివర్సిటీ వైద్య కళాశాలకు డీనుగా చేశాడు. ఐరిస్‌ల పని మొదలుపెట్టేనాటికి యాభై దాటాయి. కాల్చిసిన్ అనే మందు ఉంది, గౌటు కీళ్ళ నొప్పులకు ఇచ్చేది. మన అడవినాభి దుంపలోనూ, గింజలోనూ ఉండే విషం అదే. మొలకను ఆ మందులో నానబెడితే కణాల్లోని క్రోమోజోములు రెట్టింపవుతాయి. ఆ దారిన 28 ఉన్నవాటిని 56 చేసి, పూవు పెద్దదిగా, రేకు మందంగా ఉండే కొత్త సంతతిని తయారుచేశాడు. 1970 ప్రాంతంలో వచ్చిన ఆర్విల్ ఫే అందులో మొదటివాటిలోది. బటర్ అండ్ షుగర్ మాత్రం మామూలు 28ల లెక్కదే. దానికి 1986లో సైబీరియన్ ఐరిస్‌లకు ఇచ్చే అన్నిటికంటే పెద్ద పతకం, మోర్గన్ వుడ్ మెడల్ వచ్చింది. రిటైరయ్యాక మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో స్థిరపడి, తొంభయ్యో పడిలో కూడా మొక్కల మధ్యే తిరిగి, 2003లో 101వ ఏట పోయాడు. గింజ నాటితే పూవు చూడ్డానికి రెండు మూడేళ్ళు, పేరు పెట్టదగ్గదో కాదో తేలడానికి మరి కొన్నేళ్ళు. తొంభై ఏళ్ళకు గింజ నాటినవాడు ఏం లెక్క వేసుకుని నాటాడో నాకు తెలియదు. నేను డెబ్భై దాటాక ఆయన్ని తరచు తలుచుకుంటున్నాను.

ఇప్పుడు గొడవ. 2018 అక్టోబరులో ప్రయాణం ముందు రాత్రి పెట్టెలు తూస్తుంటే, పట్టుచీర మడతలో తడి కాగితం పొట్లం తగిలింది. విప్పితే మూడు పిలకలు. "ఏమిటే ఇది?" అన్నాను. "ఏమండీ, పసుపు కొమ్ము లాంటిదే గదా, కుండీలో పెట్టి నీడన ఉంచుతాను, ఒక్క పూవు మన వాకిట్లో చూస్తే చాలు" అంది. నేను ఒప్పుకోలేదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఆర్డరు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం వారి ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే దుంపలు మన దేశంలోకి తేకూడదు. ఒక దుంపతో వచ్చే పురుగో తెగులో మొత్తం పంట కొంప ముంచగలదు, పసుపు చేల పక్కన పుట్టినవాణ్ణి, ఆ భయం నాకు తెలుసు. రూలు పక్కన పెట్టినా ఈ మొక్కకు శీతాకాలం నిద్ర కావాలి. అది లేకపోతే మన మే నెల చూడకుండానే పోతుంది. ఇదంతా చెప్పాను. "మీరు ఆఫీసు వదిలారు గాని ఆఫీసు మిమ్మల్ని వదల్లేదు" అని ఒక్క మాట అని, డెట్రాయిట్‌లో ఎక్కిన దగ్గర్నుంచి హైదరాబాదులో దిగే దాకా నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి టార్చిలైటు పెట్టుకుని ఆ మూడు పిలకలూ పెరట్లో తిరిగి నాటి వచ్చాను. నేను చేసింది తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

2020, 21 సంవత్సరాల్లో ఎవరమూ ఎక్కడికీ కదల్లేదు. 2021 చలికాలంలో పక్కింటాయన పోయారని అబ్బాయి ఫోనులో చెప్పాడు. 2022 మేలో మేము వెళ్ళేసరికి ఆ ఇల్లు చేతులు మారింది. కొన్నవారు పల్లపు జాగా మట్టితో మెరక చేయించి గడ్డి వేయించారు. దుబ్బు లేదు. ఎవరినీ తప్పు పట్టలేం, వారి జాగా వారిది. మా పెరట్లో మాత్రం యాభై కాడలు లేచాయి.

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం తలుపు తట్టారు. యాభై అయిదేళ్ళావిడ. తాను పక్కింటాయన కూతురినని చెప్పింది. వేరే ఊరి నుంచి ఏదో పని మీద వచ్చి, పుట్టింటిని ఒకసారి చూసి పోదామని వీధిలో కారు ఆపితే, మా పెరట్లో నీలం పూలు కనపడ్డాయట. అవి తన నాన్నమ్మ పూలేనా అని అడిగింది. అవునన్నాను. ఒక ముక్క ఇస్తారా అంది. మా ఇంటావిడ అప్పటికే పార తేవడానికి లేచింది. నేను ఆపాను. నిండు పూతలో తవ్వితే రెండూ చెడతాయి, ఆగస్టు చివర రండి అన్నాను. ఆవిడ ముఖం వాడిపోయింది. ఇవ్వడం ఇష్టం లేక చెప్పానని అనుకుని ఉంటుంది. తర్వాత రెండు నెలలూ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, రాకపోతే ఏమిటి అని.

వచ్చింది. ఆగస్టు చివరి శనివారం, బకెట్టూ గోనెసంచీ తెచ్చుకుని. పదహారేళ్ళ మా మనవరాలు, ఆవిడ, నేను కలిసి దుబ్బు మొత్తం పెకలించాం. తొమ్మిదేళ్ళ దుబ్బు, మధ్యలో చచ్చి బోలుపడింది, చుట్టూ వలయంలా పచ్చగా ఉంది. అది దాని స్వభావం, బోలు కనపడితే విడదీసే వేళ అయిందని. మధ్యది పారేసి చుట్టుది ఆరు ముక్కలు చేశాం. బాగున్నవి రెండు ఆవిడకు ఇచ్చాను. పెట్టెలో దాచిన అట్టముక్క తీసి ఆవిడ తండ్రి చేతిరాత చూపించాను. మనవరాలి చేత దానికి నకలు రాయించి, నకలు మా దగ్గరుంచుకుని అసలు ఆవిడకు ఇచ్చాను. ఆవిడ కారులో కూర్చుని చాలాసేపు బయలుదేరలేదు.

2024 ఫిబ్రవరిలో మా ఇంటావిడకు గుండెలో స్టెంటు వేశారు. ఇరవై గంటల ప్రయాణాలు వద్దన్నారు డాక్టరుగారు. ఇక మేము వెళ్ళం. ఈ ఏడాది, అంటే 2025 జూన్‌లో మనవరాలు ఫోను పెరట్లోకి తీసుకెళ్ళి కాడలు లెక్కపెట్టింది. సీజర్స్ బ్రదర్ నాలుగు దుబ్బులకూ కలిపి అరవై మూడు. నోటుపుస్తకంలో వేశాను. ఆగస్టులో పిల్ల చదువుకు వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇక చూసేవారు లేరనుకున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో మా అబ్బాయి ఫోను చేశాడు. వాడు జన్మలో పార పట్టినవాడు కాదు. "నాన్నగారూ, ఆ పసుపు తెలుపు దుబ్బు మధ్యలో బోలుపడింది, ఎప్పుడు తవ్వాలి?" అన్నాడు. ఇప్పుడే తవ్వు, ఈ నెల దాటనివ్వకు అన్నాను. ఆదివారం తవ్వి ఫొటో పంపాడు. దుంపలు అయిదంగుళాల లోతున పెట్టాడు! మళ్ళీ తీయించి సరిగ్గా నాటించేసరికి మాకు ఇక్కడ రాత్రి ఒంటిగంట అయింది. ఆవిడ కూడా మేలుకునే ఉంది.

నాటే అదనులు, లోతులు, రకాల పేర్లు ఒక కాగితం మీద రాసి జిరాక్సు తీయించి తెచ్చాను, ముప్ఫై కాపీలున్నాయి. ఈ చలికాలంలో పిల్లల దగ్గరికి బయలుదేరేవారు భోజనాల దగ్గర నన్ను అడిగి తీసుకోండి.